ఖాళీ మేకు

తుపాకీ పేలేసరికి రోలండ్ మరుగుదొడ్డిలో ఉన్నాడు. వేట క్యాంపులో ఉన్నన్నాళ్ళూ పొద్దున కాఫీ తాగాక అతనికి అక్కడ అరగంట పడుతుంది. తలుపు చెక్కల సందులోంచి చలి రాకుండా లోపలివైపు ఎవరో మేకులు కొట్టిన మాసిన గుడ్డముక్క వంక చూస్తూ, రెండో పేలుడు కోసం చెవులు రిక్కించాడు. రాలేదు. ప్యాంటు ఎగలాక్కుంటూ దేవదారు చెట్లలోకి పరిగెత్తాడు.

బావ ఆర్విడ్ మంచులో నిలబడి, తుపాకీ మీది రెడ్ డాట్‌ను, గురి కోసం అద్దంలో ఎర్ర చుక్క చూపించే దీపాన్ని, తిడుతున్నాడు. కొట్టిన గుండు ఎదుటి చెట్టు మానులో దిగింది. పక్కన జింక గిట్టల గుర్తులున్నాయి. ఇద్దరూ ఆ గుర్తుల వెంట వాగు దాకా వెళ్ళి చూశారు. నెత్తురు చుక్క లేదు, వెంట్రుక కూడా లేదు.

"ఎంత దూరంలో నిలబడింది బావా?"

"ముప్ఫై గజాలు."

"ముప్ఫై గజాలా! మా అక్క అట్లకాడ విసిరి కొట్టేది."

"అంతా నీ దీపం వల్లేరా. గురి చూసే నా పాత గాడీ, మొనా ఉండుంటేనా..."

"ఆ మొన నీకు కనిపించడం లేదనేగా ఇది కొనిచ్చాను. ఇందులో గురి కుదుర్చుకునే పనే లేదు. రెండు కళ్ళూ తెరుచుకుని, చుక్కని జింక మీద పెట్టి నొక్కడమే."

క్యాంపులో గస్ అట్లు వేస్తున్నాడు. ముగ్గురిలో పెద్దవాడు, తగువులు తీర్చేదీ అతనే. అతని వెనక గోడ నిండా చొక్కాల వెనక అంచులు వేలాడుతున్నాయి. గురి తప్పినవాడి చొక్కా అంచు కోసి, పేరు రాసి, మేకు కొట్టడం ఆ క్యాంపు రివాజు. అందులో నాలుగు రోలండ్‌వి. మధ్యలో ఒక ఖాళీ మేకు ఉంది. దాన్ని ఇరవయ్యేళ్ళ కిందట రోలండే తన చేత్తో బావ కోసం కొట్టాడు.

రోలండ్ కత్తెర తీశాడు. ఆర్విడ్ గోడకి వీపు ఆనించేశాడు.

"తప్పింది నేను కాదు, దీపం. వస్తువు తప్పితే చొక్కా కోయకూడదు."

"అదీ న్యాయమే," అన్నాడు గస్ అట్టు తిరగేస్తూ. "ముందు దీపాన్ని విచారిద్దాం."

బయట మొద్దుకి కాగితం పళ్ళెం కట్టారు. అదే దూరం, అదే తుపాకీ. రోలండ్ కొట్టాడు. పళ్ళెం నడిమధ్య కన్నం పడింది. మళ్ళీ కొట్టాడు. కన్నం కాస్త పెద్దదయింది.

"దీపం నిర్దోషి," అన్నాడు గస్.

ఆర్విడ్ తుపాకీ లాక్కుని అద్దంలోకి చూశాడు. "దీన్ని చుక్కంటార్రా? చితికిన టమాటాలా ఉంది. పైగా దానికో తోక! ఇంత టమాటాని జింక మీద ఎక్కడ పెట్టమంటావ్?"

"నాకు గుండ్రంగానే ఉంది బావా."

"నీకు నీ మొహం కూడా అందంగానే కనిపిస్తుంది."

గస్ జేబులోంచి ఫోన్ తీసి, అద్దం వెనక పెట్టి ఫోటో కొట్టి ఆర్విడ్‌కి చూపించాడు. ఫోటోలో చుక్క గుండ్రంగా, సన్నగా ఉంది.

"ఫోన్ కంటికి వంకర లేదు ఆర్విడ్. నీ కళ్ళజోడేదీ?"

"ట్రక్కులో ఉంది."

"ట్రక్కు నడపడానికా?"

"మా ఆవిడ హిల్మా చూస్తున్నప్పుడు పెట్టుకోవడానికి."

ఇక విచారించేందుకు ఏమీ మిగల్లేదు. గస్ కత్తెర వంక తలాడించాడు. ఆర్విడ్ వెనక్కి రెండడుగులు వేశాడు.

"ఒరేయ్, ఈ చొక్కా మీ అక్క కుట్టింది. కోస్తే ఏడుస్తుంది."

"అక్కకి నేను చెప్పుకుంటాలే."

"చలిగా ఉందిరా. వచ్చే ఏడు కోసుకో."

"ఇరవయ్యేళ్ళు ఆగాను బావా. తిరుగు."

ఆర్విడ్ తిరిగాడు. రోలండ్ అతని భుజాల మీది పట్టీలు దించి, ఎర్రగళ్ళ ఉన్ని చొక్కాని ప్యాంటులోంచి వెనకనించి పైకి లాగాడు. కత్తెర చేతిలోనే ఉండిపోయింది.

కోయడానికి అంచు లేదు. చొక్కా నడుం దగ్గరే తిన్నగా ఆగిపోయింది. చివర మడిచి ఎర్ర దారంతో సన్నగా కుట్టేసి ఉంది. ఆ కుట్టు ఎవరిదో రోలండ్‌కి తెలుసు. చిన్నప్పుడు అతని మేజోళ్ళ చిరుగులన్నీ ఆ చెయ్యే కుట్టేది.

"అక్కకి కూడా తెలుసా? ఎప్పుడు బావా?"

"ఆరేళ్ళయింది. పాత మొనతోనే తప్పాను. మీరు ఊళ్ళోకి వెళ్ళారు, చూసినవాడు లేడు. అయినా రివాజు రివాజేగా. నేనే కోసుకున్నాను."

"కోసుకుంటే సరా?" అన్నాడు గస్. "మేకు కొట్టొద్దూ?"

"కొట్టాను. మేకు కొట్టమన్నారు గానీ, ఎక్కడ కొట్టాలో ఎవడూ చెప్పలేదు."

రోలండ్ గోడ మీది అంచులన్నీ మళ్ళీ ఒకసారి వెతికాడు. ఖాళీ మేకు ఖాళీగానే ఉంది.

"మరెక్కడ కొట్టావ్ బావా?"

ఆర్విడ్ చొక్కా లోపలికి దోపుకుని, పట్టీలు భుజాల మీదికి లాక్కున్నాడు.

"ఆరేళ్ళబట్టీ ఇక్కడున్నన్నాళ్ళూ రోజూ పొద్దున్న అరగంట దానికి ఎదురుగానే కూర్చుంటున్నావు కదరా!"