పేరులేని తుపాకి

"జర్మనీది ఇయ్యి మావా. అదైతేనే ఆడతాను."

"రెండోది ఖాళీగా ఉంది కదరా?"

"ఎందుకు ఖాళీగా ఉందో నీకు తెల్దేటి?"

తాతారావుకు తెలుసు. భావనపాడు గంగమ్మ సంబరానికి వచ్చేటప్పుడు అతని చేతిలో ఉన్న పెట్టుబడి రెండు గాలి తుపాకులు, గుండు దూరనంత మందమైన టేకు పలక, ఓ బస్తా బెలూన్లు, భార్య జగదాంబ. ఒక తుపాకి చెక్క మీద జర్మనీ కంపెనీ పేరు చెక్కి ఉంది. రెండోదాని మీద ఏమీ లేదు. పేరున్నదాని కోసం జనం వరస కట్టారు. పేరులేనిది గోనెసంచి మీద పడి ఉంది.

ఎందుకలా అంటే ఎవరి కారణం వాళ్లు చెప్పేవారు.

"ఇదీ బోటింజను లాంటిదే. కంపెనీ మంచిదైతే మన సెయ్యెలాగున్నా పని జరిగిపోద్ది" అన్నాడు పడవల సింహాద్రి.

"ఇనుములో ఉంటాది బావా అంతా" అన్నాడు జీడితోటల రైతొకడు.

తాతారావు ఎవరి మాటా కాదనలేదు. గురి తప్పినవాడు ఇంటికి పోతాడు, తగిలినవాడు వెళ్లి బావమరిదిని కూడా వెంటబెట్టుకొస్తాడు. అతని వ్యాపారమంతా ఈ ఒక్క లెక్క మీదే నడుస్తోంది. అందుకే జర్మనీది ఎవరి చేతికిచ్చినా సంబరమంతా వినబడేలా కేక వేసేవాడు.

"జర్మనీ వత్తంది, కాసుకో!"

పలక వెనక జగదాంబ కూర్చుని, బెలూన్ల మూతులు దానికున్న కన్నాల్లోంచి లాగి ముడివేసేది. ముందువైపు అవి టపటపా పేలిపోయేవి. పేల్చినవాడు మీసం దువ్వుకునేవాడు.

పొద్దు వాలుతుండగా రాజేంద్ర వచ్చాడు. సొంత పడవున్న కుర్రాడు. వెంట డొంకూరు నుంచి సంబరానికొచ్చిన మేనత్త కూతురు గౌతమి, ఆమె నాయనమ్మ అప్పలనరసమ్మ ఉన్నారు. గౌతమిని ఇమ్మని రాజేంద్ర అడుగుతూనే ఉన్నాడు. ముసలమ్మ మాట దాటేస్తూనే ఉంది.

"సెయ్యి నిలవనోడికి పిల్లనెలా ఇత్తామురా? మొన్న వలేత్తే నీ పడవ మీదే పడిందట కదా?"

జనం గొల్లుమన్నారు. రాజేంద్రకు పౌరుషం వచ్చింది.

"నా సెయ్యేటో ఇప్పుడే సూడు మామ్మా. పై వరసలో అయిదూ పేల్చేత్తాను. ఒక్కటి తప్పినా గౌతమిని మరడగను."

గౌతమి ముఖంలో నవ్వు ఆగిపోయింది. "నీకేటి పిచ్చా బావా?" అంది గొంతు తగ్గించి.

"జర్మనీది ఉంది కదే" అన్నాడు రాజేంద్ర అంతకన్నా గొంతు తగ్గించి.

ముసలమ్మకు అన్నీ వినబడతాయి. "ఆ జర్మనీదైతే నానూ పేలుత్తాను. తాతారావూ, ఆ గోనె మీది తుపాకియ్యి. గురి కంపెనీదో కుర్రోడిదో తేలిపోద్ది."

"అమ్మా, అది ఎవులూ ముట్టుకోరమ్మా..."

"అందుకే ఇయ్యమన్నాను."

రాజేంద్ర ముఖం పాలిపోయింది. "ముందు ఒక్కటి ఉత్తినే సరి సూసుకుంటాను" అని పేల్చాడు. గుండు బెలూన్ల వరసకు మూరెడు దూరంలో పలకకు తగిలింది.

"ఓలమ్మ, పెళ్లి తప్పిపోయినట్టేనర్రా!" అన్నారెవరో.

గౌతమి ఒక్క క్షణం నిలబడింది. "నాను సూడలేను. పిన్ని కాడ కూకుంటాను" అని పలక చుట్టూ తిరిగి వెళ్లిపోయింది. జగదాంబ పుట్టిల్లూ డొంకూరే.

"ఎల్లనీ. ఎదురుగా ఉంటే ఈడికి ఇంకా వణుకు" అంది ముసలమ్మ, రాజేంద్ర పక్కనే స్టూలేసుకుని కూర్చుంటూ.

తాతారావు ఈసారి కేక వెయ్యలేదు. వెయ్యడానికి అది జర్మనీది కాదు. ఆ కుర్రాణ్ణి చూస్తే అతనికి నిజంగానే జాలేసింది.

రాజేంద్ర గంగమ్మకు మొక్కుకుని, ఒక కన్ను మూశాడు. భయమేసి రెండోదీ మూశాడు. మీట నొక్కాడు.

ఎర్ర బెలూను పేలింది.

పచ్చది పేలింది. నీలం పేలింది. జనం ఒకరినొకరు తోసుకుంటూ ముందుకొచ్చారు. నాలుగోదీ పోయింది. చివరిదానికి రాజేంద్ర చేతులు జొన్నకంకుల్లా ఊగాయి. అదీ పేలింది. తుపాకి చప్పుడు కన్నా రవ్వంత ముందే పేలిందేమోనని తాతారావుకు అనుమానం వచ్చింది గాని, అప్పటికే డప్పులవాళ్లు అందుకున్నారు.

అప్పలనరసమ్మ తుపాకి అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీనికి పేరేటి నేదా?"

"నేదమ్మా."

"ఐతే గురి కుర్రోడిదే." బొడ్లో సంచి విప్పి, తమలపాకులూ వక్కా తీసి రాజేంద్ర చేతిలో పెట్టింది. "మాగమాసంలో ముహూర్తం సూడమని మీ అయ్యకి సెప్పు. వల మాత్రం నేర్సుకో నాయనా."

రాజేంద్ర ఆమె కాళ్ల మీద పడ్డాడు. లేచి డప్పుల ముందు గంతులేశాడు.

"మావా, ఆ పేరులేందియ్యి!"

"నాకురా ముందు!"

"జర్మనీదంతా వట్టి డాబర్రా. దీని గొట్టం సూడు, ఎంత తిన్నగుందో!" అన్నాడు సింహాద్రి, కాస్త వంకరగానే ఉన్న గొట్టాన్ని నిమురుతూ.

తాతారావు లెక్క చూసుకున్నాడు. పొద్దున ఆడే తుపాకి ఒక్కటే, ఇప్పుడు రెండు. పైన ఒక పెళ్లిపిలుపు. అయితే లాభం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియకపోతే వ్యాపారికి అన్నం సయించదు. అతను పలక వెనక్కి తొంగి చూశాడు.

గౌతమి గుండుసూదిని జగదాంబకు తిరిగి ఇచ్చేస్తోంది.