భద్రయ్య పేరు పలక

1948 సెప్టెంబరు 18, శనివారం. పోలీసు చర్య ముగిసిన మర్నాడు. ఆ పొద్దున చిలకలగూడలో దస్తగిరి ఇంట్లో ఖిచిడీ, చింతపండు ఖట్టా తిన్నారు. రాత్రికి కూడా ఉండాలని భార్య జైనాబీ సగం గిన్నెలోనే ఉంచి మూత పెట్టింది. అప్పుడే పక్కింటి భద్రయ్య జానెడు ఇత్తడి రేకు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. ఆయన రైల్వే స్టేషన్లో పార్సిల్ గుమస్తా.

“దస్తగిరీ, దీని మీద ‘భద్రయ్య ఇల్లు’ అని చెక్కాలె. పొద్దుగూకే లోపల కావాలె.”

“ఇయ్యాలనే కావాల్నా అన్నా?”

“ఇయ్యాలనే. అక్షరాలు పెద్దగుండాలె. సగం గుడ్డోనికి సుత కనబడాలె.”

ఆయన అటు వెళ్ళగానే జైనాబీ అందుకుంది.

“విన్నవా? నిన్న యుద్ధం అయిపోయె, ఇయ్యాల ఈయనకు పేరు పలక కావాల్సొచ్చె! గుంపులు తిరుగుతున్నయంట. పేరు చూసి హిందువుల ఇండ్లు ఒదిలిపెడుతున్నరంట. తన ఇల్లొకటి మిగిలితే చాలు. ఈ గల్లీల మనోళ్ల ఇండ్లు తొమ్మిదున్నయ్, అవి ఏమైతే ఏంది!”

“పదేండ్ల సంది పక్కింటోడు. అడిగిండు, చేస్త.”

“మా అన్నతాన కాప్రాకు పోదమంటే వినకపోతివి.”

“తొవ్వల భయం లేదా?”

జైనాబీ వీధి తలుపుకు గడియ పెట్టి, అది పడిందో లేదో రెండుసార్లు చూసింది.

దస్తగిరి మొహర్లు, అంటే కాగితాల మీద వేసే ముద్రలు, చెక్కే మనిషి. ముప్ఫై ఏళ్ళుగా సర్కారు దఫ్తర్లకు, షావుకార్లకు ఆయనే చెక్కాడు. కర్రదిమ్మ మీది లక్కను వేడిచేసి, మెత్తబడ్డాక రేకును అందులో కూర్చోబెట్టాడు. సన్న ఉలిని నూనె చుక్క వేసిన సానరాయి మీద నూరి, మొనను బొటనవేలి గోటికి ఆనించాడు. జారితే ఇంకా మొద్దుగా ఉన్నట్టు. జారలేదు, పట్టింది.    చెక్కడం మొదలుపెట్టాడు.

ఇత్తడి సన్నని చుట్టలుగా లేచి రాలసాగింది. పొద్దుటి నుంచి గల్లీ మొగదల చప్పుళ్ళకే అతుక్కున్న చెవి, చిన్న సుత్తి టక్కుటక్కుకు మళ్ళింది. పని చేసినంతసేపూ భయం పక్కన కూర్చుంది గాని మీదికి రాలేదు.

సాయంత్రం అసర్ నమాజు వేళకు అయిపోయింది. అలవాటు ప్రకారం పలకను దీపం పొగకు పట్టి కాగితం మీద ఒత్తాడు. నల్లని మసిలో తెల్లగా అక్షరాలు, ఒక్క వంక లేదు. తృప్తిగా తల ఊపుకున్నాడు.

భద్రయ్య వచ్చి పలకను వెలుతురుకు పట్టాడు.

“ఏందిది దస్తగిరీ? ఏ దేశపు రాత ఇది?”

దస్తగిరి చూసి కొయ్యబారిపోయాడు. అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి. మొహరును తిరగేసి చెక్కితేనే కాగితం మీద తిన్నగా పడుతుంది. ముప్ఫై ఏళ్ళ అలవాటున చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. ఒత్తి చూసినప్పుడు సరిగ్గానే పడింది కనుక కన్ను కూడా పట్టుకోలేదు.

“మాఫ్ చెయ్యన్నా. పొద్దటి సంది పరేషాన్ల ఉన్న. వెనకదిక్కు మళ్ళ చెక్కుత.”

“పొద్దేడున్నది?” అంటూ భద్రయ్య మసి కాగితం తీసుకుని దాన్నే చూస్తూ ఉండిపోయాడు. “దీన్ని ఎన్నిమార్లు ఒత్తొచ్చు?”

“మసి ఉన్నన్ని మార్లు.”

భద్రయ్య పరుగున ఇంటికి వెళ్ళి, వెనకవైపు ఖాళీగా ఉన్న పార్సిల్ కాగితాలు పట్టుకొచ్చాడు. దస్తగిరి మసిలో నూనె చుక్క కలిపి, గుడ్డ ఉండతో పలకకు అద్ది ఒత్తడం మొదలుపెట్టాడు.

“ఎన్ని కావాలన్నా?”

“కాగితాలు అయిపోయేదాక ఒత్తు. చెల్లె, మెతుకులున్నయా? ఇవి అతికియ్యాలె.”

“ఖిచిడీ ఉన్నది. మా రాత్రి బువ్వ.”

“అదే ఇయ్యి.”

జైనాబీ గిన్నెను ఆయన ముందు ఠక్కున పెట్టింది. “తీస్కో. మేం పస్తున్నా ఫికర్ లేదు, నీ కాగితాల కడుపు నిండాలె.”

భద్రయ్య నవ్వి, గిన్నె, కాగితాలు పట్టుకుని వెళ్ళిపోయాడు.

“ఇంటి చుట్టంత అతికించుకుంటడేమో,” అంది జైనాబీ. దస్తగిరి ఉలిని తుడిచి డబ్బాలో పెట్టాడు.

పొద్దుగూకింది. భద్రయ్య వెళ్తూ దగ్గరికి లాగిన తలుపుకు గడియ పెట్టబోతూ, ఒకసారి తీసిన జైనాబీ అక్కడే ఆగిపోయింది. తలుపు బయటివైపు తడి ఆరని కాగితం. అంచుల్లో పసుపుపచ్చ ఖిచిడీ మెతుకులు. ఆమెకు చదువు రాదు. కాని మధ్యాహ్నం నుంచీ చూస్తున్న అక్షరాలే అవి. తల బయటపెట్టి చూసింది. ఎదురుగా చాంద్‌పాషా తలుపు మీద అదే కాగితం. ఆ పక్క నబీ తలుపు మీద అదే.

వేళ్ళకు పసుపు, మసి అంటించుకుని భద్రయ్య ఖాళీ గిన్నెతో వస్తున్నాడు.

“మీ ఒక్క తలుపుకు కొట్టాలనే ఆ రేకు తెచ్చిన చెల్లె. పొద్దుగాల చెప్తే నా పేరు కింద బతకనీకి మీ ఆయన ఒప్పుకునెటోడా? ఆయన చేసిన తప్పు మంచిదాయె. తొమ్మిదిండ్లకూ సరిపోయింది.”

జైనాబీ ఆయన ఇంటి తలుపు వైపు చూసింది. “మరి నీ తలుపుకేది అన్నా?”

“కాగితాలు అయిపోయినయ్,” అని గిన్నె ఆమె చేతికిచ్చి వెళ్ళాడు.

జైనాబీ లోపలికి వచ్చి, కాగితం చెదరకుండా, చప్పుడు కాకుండా, ‘భద్రయ్య ఇంటి’ తలుపు వేసుకుంది.