చీమలు పట్టిన కీబోర్డు

“ఛీ! ఇదేందన్నా, కీబోర్డు నిండా చీమలు!”

ధనుంజయ వేలు వెనక్కి లాక్కొని ప్యాంటుకు తుడుచుకున్నాడు. బద్వేలు నుంచి వేంపల్లె దాకా బస్సులు మారి వచ్చాడు. లాప్‌టాప్‌లో పాటలు కట్టే అతనికి ఒక సింథసైజర్, అంటే సంగీతం వాయించే కీబోర్డు, కావాలి. కొత్తది నలభై వేలు, చేతిలో ఉన్నది పద్నాలుగు. ఈ నెలలో చూసిన రెండు పాతవీ చెత్త. ఒకదానికి తెర వెలగదు, ఇంకోదానికి సగం మెట్లు మోగవు. ఫోటోల్లో మాత్రం అన్నీ పెళ్ళికూతుళ్ళే.

“పొద్దున్నే మా ఇంటామె తుడిచిందప్పా. మల్లా యాడనుంచి వచ్చినాయో!” అన్నాడు నెహెమ్యా తల ఎత్తకుండా. ఎనిమిదేళ్ళుగా ఆదివారం ఆరాధనలో దాన్ని వాయించినవాడు అతను. “వాయించి చూడు. శబ్దం శానా బాగుంటాది.”

నిజమే. వయొలిన్ శబ్దం వినగానే ధనుంజయకు ప్రాణం లేచొచ్చింది. లాప్‌టాప్‌కు కలిపే సాకెట్టూ పనిచేసింది. కానీ నడుమ నాలుగు మెట్లు నొక్కితే నొక్కినట్టే ఉండిపోయాయి. వేళ్ళకు జిగురు. గోరుతో గీకితే గోధుమరంగు పొర లేచింది.

“నేను చెప్తానే ఉండా!” అంటూ వంటింట్లోంచి నెహెమ్యా భార్య స్వర్ణలత వచ్చింది. అంగళ్ళకు బొరుగుల ఉండలు చేసి వేస్తుంది. ఇల్లంతా పాకం వాసన. “ఈ దరిద్రాన్ని బయటికి తొయ్యమంటే ఈయప్ప వింటేనా! జరుగు, తుడుస్తా.”

ఒక చేతిలో గిన్నె, ఇంకో చేతిలో తడిగుడ్డ. మొహం చిట్లించుకుంటూనే మెట్టు మెట్టునూ సందుల దాకా తుడిచింది.

“అమ్మేస్తాండావు, ఎందుకన్నా?” అడిగాడు ధనుంజయ.

“కువైట్ పోవల్ల. మా బావ డ్రైవరు పని చూసినాడు. రేపటికల్లా దుడ్డు కట్టకుంటే ఆ వీసా ఇంకొకనికి పోతాది. ఇది అమ్మితేనే ప్రయాణం.” నెహెమ్యా గొంతు తగ్గింది. “పోతే మూడేండ్లు రాలేను.”

“పోనీలే. ఈ పీడన్నా వదుల్తాది,” అంది స్వర్ణలత గుడ్డ పిండుతూ.

ధనుంజయ మళ్ళీ నొక్కాడు. తడి తగిలి ముదిరినట్టుంది, ఈసారి పది మెట్లు అతుక్కున్నాయి. సందులోంచి ఎర్రచీమ ఒకటి వచ్చి చురుక్కున కుట్టింది.

“థూ! దేవుని పాటలు వాయించిందాన్ని ఇట్ల పెట్టుకుంటారా ఎవరన్నా? నాకొద్దు.”

“విప్పి స్పిరిట్‌తో తుడిస్తే కొత్తదైపోతాదప్పా. లోపల ఏం కాలేదు. పన్నెండు వేలియ్యి, చాలు.”

“ఊరికే ఇచ్చినా వద్దు!”

చేతులు కడుక్కోవడానికి కుళాయి వెతుక్కుంటూ ధనుంజయ వీధిలోకి వెళ్ళిపోయాడు. ఈ వారంలో ఇట్లా ఛీకొట్టి పోయినవాళ్ళు అతనితో కలిపి నలుగురు. నెహెమ్యాకు తన మీద తనకే రోత పుట్టింది. కళ్ళకద్దుకుని వాయించిన వస్తువుకు ఎట్లాంటి గతి పట్టించానని కుమిలిపోయాడు. చాలాసేపటికి ఫోన్ తీశాడు.

“బావా, ఆ వీసా ఎవరికన్నా ఇచ్చేయి. నేను రాలేను.”

స్వర్ణలత తడిగుడ్డ ముంచిన గిన్నెలో మిగిలిన బెల్లం నీళ్ళను పెరట్లో పారబోసింది.