పదిమంది లేని ఊరేగింపు

"ఐదుగురమే," అంది అక్క, సైకిలు పోస్టాఫీసు గోడకు ఆనించి. "ఇంకో పది నిమిషాలు చూద్దాం."

పది కాదు, ఇరవై నిమిషాలు చూశారు. వచ్చింది ట్రాఫిక్ కానిస్టేబులు ఒక్కడే.

"పదిమందికి తక్కువైతే ఊరేగింపు కిందికి రాదమ్మా," అన్నాడతను, కాస్త నొచ్చుకుంటూనే. "రాకపోకలకు అడ్డం కిందికి వస్తుంది. ఓ వారగా, ఒకరి వెనక ఒకరు పోండి."

దిద్దుబాటమ్మ తన సైకిలు రోడ్డు వారకు జరిపింది. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం కనక గుంపులో ఆమెకా పేరు పడింది. మొదటి నెల ఇక్కడే మూడు వందల సైకిళ్ళు నిలబడ్డాయని విన్నది. ఆమె చేరింది రెండో నెల. ఆ తర్వాత అంతా నానాటికీ తీసికట్టే.

రెండేళ్ళ కిందట మంచు కప్పిన ఒక తెల్లవారుజామున, పోస్టాఫీసు మలుపులో ఒక కారు పోస్టుమాన్ సైకిలును గుద్దింది. కారు ఆగలేదు. ఉత్తరాల సంచీతో సహా ఆయన కాలవ పక్కన పడి ఉన్నాడు. ఆయన భార్యే ఈ అక్క. ఇంట్లో కుట్టు మిషను పెట్టుకుని బతుకుతోంది. నెల తిరక్కుండానే సైకిలెక్కి నలుగురినీ పోగేసింది. ప్రతి నెలా చివరి శనివారం, కార్లు కిక్కిరిసే సాయంత్రం వేళ, రోడ్డంతా పరుచుకుని బెల్లులు కొట్టుకుంటూ నెమ్మదిగా పోవడం. రోడ్డు కార్లవాళ్ళ తాతల సొత్తు కాదు, సైకిలుకూ ఒక దారి వదలండి అని అడగడం. అంతే వాళ్ళ పోరాటం.

నలభై రెండేళ్ళ వయసులో, మోకాళ్ళు చెక్కుకుపోతున్నా, దిద్దుబాటమ్మ ఇందుకోసమే సైకిలు నేర్చుకుంది. "మా కారు అమ్మేశాం" అని ఆమె చెప్పిన రోజు గుంపంతా చప్పట్లు కొట్టింది. అర్జీలన్నీ ఆమే రాసేది. ఇరవై మూడు రాసింది, ఒక్క పొల్లు పోకుండా. మునిసిపాలిటీ వాళ్ళకవి చెవిటివాడి ముందు శంఖమే అయ్యాయి. ఎనిమిదో నెలలో మాత్రం రోడ్డు వారన ఒక పచ్చ గీత గీశారు. తొమ్మిదో నెలకల్లా దానిమీద కార్లు పార్కు చేసి ఉన్నాయి.

ఐదుగురూ ఒకరి వెనక ఒకరు బయల్దేరారు. ముందు అక్క, వెనక దిద్దుబాటమ్మ, తర్వాత ఇద్దరు కాలేజీ ఆడపిల్లలు, చివర రిటైరైన డ్రిల్లు మాస్టారు. హారన్ల మోతలో బెల్లులు ఎవరికీ వినపడలేదు. ఒకాయన కారద్దం దించి, "పనీపాటా లేదా మీకు?" అన్నాడు.

"పనికి పోతూనే పోయాడయ్యా ఆయన," అన్నారు మాస్టారు.

కారాయనకు అర్థం కాలేదు. అద్దం ఎత్తేసుకున్నాడు.

మార్కెట్ దగ్గర అక్క కాలు నేలమీద ఆనించింది. పచ్చ గీత ఉండాల్సిన చోట కొత్త తారు పొగలు కక్కుతోంది. రోలరు నడిపేవాణ్ణి అడిగితే, "కార్లకు ఇంకో వరస పెంచుతున్నారు. ఇక్కణ్ణుంచి ఆ చివరిదాకా," అన్నాడు.

ఆడపిల్లలు పరీక్షలున్నాయని వెళ్ళిపోయారు. మాస్టారు వచ్చే నెల రాలేనేమో అన్నారు, మోకాళ్ళ నొప్పులట. ఇద్దరే మిగిలారు. సైకిళ్ళు నడిపించుకుంటూ అక్క ఇంటిదాకా వెళ్ళారు.

మెట్ల మీద కూలబడి అక్క అంది. "ఇక చాలు చెల్లీ. ఇదే ఆఖరు."

"కొత్త అర్జీ రాస్తాను. కలెక్టరుకే పంపుదాం."

"ఎన్ని రాస్తావ్? దారి వెయ్యకపోతే మానె. నిన్న స్టేషనుకు పిలిచారు. కేసు మూసేశారట. రెండేళ్ళయినా ఆధారమేదీ లేదు, గుద్దినవాడింక దొరకడు అన్నారు. సంతకం పెట్టమన్నారు. పెట్టొచ్చాను."

దిద్దుబాటమ్మ హాండిల్ గట్టిగా పట్టుకుంది.

"పావుగంట ముందు తెస్తే బతికేవాడని డాక్టరన్నాడు," అక్క గొంతు ఏ ఒడుదుడుకూ లేకుండా ఉంది. "ఒక్క పావుగంట. ఆ మనిషి ఎదురైతే తిట్టను కూడా తిట్టను. ఎందుకాగలేదని మాత్రం అడుగుతాను. ఆ ఒక్క ముక్క తెలిస్తే నాకు నిద్ర పడుతుంది."

"అక్కా..."

"నువ్వెందుకే ఏడుస్తావు? ఇంతమందిలో ఒక్క నెలా మానందానివి నువ్వే. తోడబుట్టినది కూడా ఇంత చెయ్యదు. పో, ఇంటికి పో. మీ ఆయన చూస్తుంటాడు."

నిజమే, భర్త గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. అతను ఒక్కసారి కూడా ఊరేగింపుకు రాలేదు. ప్రతి నెలా ఆమె బయల్దేరుతుంటే, "నీకెందుకొచ్చిన గొడవ, ఇంట్లో ఉండరాదా" అని గొణిగేవాడు. తిరిగొచ్చేదాకా గుమ్మం వదిలేవాడు కాదు.

"ఎంతమందొచ్చారు?"

"ఐదుగురు. అక్క ఆపేస్తోంది."

"మరి కేసు?"

"మూసేశారట. నిన్న."

అతను తలుపు మూసి గడియ పెట్టాడు. కుర్చీలో కూర్చుని రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. తలెత్తి ఆమె వైపు చూశాడు.

"అయితే ఇక నువ్వు దొరకవు."