కింది వరుస నుంచి

“నా ఫోన్ యాడ దాచినవే?” పరుశురాం గది అదిరిపోయేలా అరిచాడు.

“చెప్ప,” అంది భార్య ప్రమీల.

లాక్‌డౌన్‌తో సూరత్‌లో సాంచె మగ్గాలన్నీ ఆగి, బట్ట నేసే పని బందయినప్పటి నుంచి ఆ మహానుభావుడికి ఫోనే లోకం. కరోనా వార్త ఒక్కటి వదలడు. చూసినకొద్దీ గుండె దడ, బీపీ, పెళ్లాం మీద చిటపటలు. కంటి మీద కునుకు లేదు. ముందు ఆ ఫోను దూరం పెట్టకపోతే మందులు కూడా పనిచేయవని భేస్తాన్ బస్తీ డాక్టరు ఖరాఖండిగా చెప్పేశాడు.

“జర ఇయ్యవే. ఒక్కసారి చూసి ఇస్త.”

చీర అంచులకు డిజైన్లు గీసే గళ్ల కాగితం ఒకటి ప్రమీల అతని ముందు పడేసింది. పైనా పక్కనా అంకెలున్నాయి.

“ఏ వరుసల ఎన్ని గళ్లు నల్లగ నింపాల్నో అంకెలు చెప్తయ్. ఏ గళ్లో నువ్వే ఆలోచించుకో. పేపర్ల చూసి నేర్చిన. నింపితే ఒక వస్తువు బొమ్మ వస్తది. నీ ఫోన్ అండ్లనే ఉంది.”

“పోరగాళ్ల ఆట నాకిస్తవా?” అని గొణుగుతూనే పెన్సిల్ అందుకున్నాడు.

మొదట పళ్లు నూరాడు. తర్వాత తల గోక్కున్నాడు. ఇక్కడ మూడు గళ్లొస్తే అక్కడ ఖాళీ ఉండాలి కదా! లెక్క తేలినకొద్దీ మనిషి నెమ్మదించాడు. పక్కన పెట్టిన చాయ్ చల్లారిపోయింది. గుండె దడ ఎటు పోయిందో అతనికే తెలీదు.

“హెల్మెట్!” ఉన్నట్టుండి ఎగిరి గంతేశాడు. “గివిగో పట్టీలు!”

మేకుకు వేలాడుతున్న హెల్మెట్ దింపి చూశాడు. ఏమీ లేదు.

ప్రమీల పడీపడీ నవ్వింది. “సాంచె మీది గ్రాఫు లెక్క దీన్ని గూడ కింది వరుస నుంచి నింపినవా? ఇది మీది వరుస నుంచి నింపాలె. కాగితం తలకిందులు తిప్పి చూడు!”

తిప్పాడు. పట్టీలు కాస్తా చెవులయ్యాయి. కడాయి!

అటక మీద, పండగకు తప్ప దించని పెద్ద కడాయి ఉంది. పరుశురాం స్టూలెక్కి మూత తీశాడు. ఫోను లోపలే ఉంది. ఏవో కొత్త వార్తలు వచ్చి పడుతున్నట్టున్నాయి, తెర వెలుగుతోంది. ఒక్క క్షణం దాన్నే చూశాడు. చప్పుడు కాకుండా మూత పెట్టేసి కిందికి దిగాడు.

“దొరికిందా?” అంది ప్రమీల.

“యాడిది? ఉత్త కడాయి. నువ్వే అంకెలు తప్పేసినవ్,” అంటూ చాప మీద చతికిలబడి పెన్సిల్ చెక్కడం మొదలుపెట్టాడు. “ఇంకోటి గీయ్. ఈసారి జర పెద్దది!”