అగ్గిగుర్రం కోడలు

"ఆ పెట్టె మీద చెయ్యి వేశావంటే చూడు!"

అత్త షిగే అరుపుకు తమియో చాచిన చేతులు గాల్లోనే ఆగిపోయాయి. తెల్లగుడ్డ చుట్టిన ఆ పెట్టెలో ఆమె భర్త యసుకిచి ఉన్నాడు. ఉన్నాడనే అనుకోవాలి. అత్త చేతుల్లోకి మారుతుంటే లోపల గులకరాయి దొర్లినట్టు చప్పుడైంది. దక్షిణ సముద్రంలో యుద్ధంలో పోయినవాళ్ళ ఎముకలు ఏరి పంపే తీరిక ఎవరికుంది?

పెట్టె తెచ్చిన గుమస్తా కురబయాషి గుమ్మంలోనే తల దించుకుని నిలబడ్డాడు. ఊళ్ళో సైన్యానికి పనికొచ్చే మగవాళ్ళ వివరాలు రాసి పైకి పంపేది ఆయనే. పిలుపు వచ్చిందంటే ఎర్రకాగితం తెచ్చి "శుభాకాంక్షలు" అని చేతిలో పెట్టేదీ ఆయనే. తెల్లపెట్టె తెచ్చేదీ ఆయనే.

"ఏడవకు" అంది షిగే కోడలితో. "దేశం కోసం పోయినవాడికి ఏడిస్తే నలుగురూ నవ్వుతారు. అయినా వాణ్ణి నమిలి మింగినదానివి నువ్వు. నీకెందుకే ఏడుపు?"

పక్కింటి తోకు అగరొత్తులు వెలిగిస్తూ అందుకుంది. "అగ్గిగుర్రం ఏట పుట్టిన ఆడది మొగుణ్ణి బతకనివ్వదని మా అమ్మమ్మ ఎప్పుడూ చెప్పేది వదినా. ఊరికే అంటారా పెద్దవాళ్ళు?"

అరవై ఏళ్ళకోసారి వచ్చే ఆ సంవత్సరంలోనే తమియో పుట్టింది. పెళ్ళి కాదని భయపడి తండ్రి మరుసటి ఏడు పుట్టినట్టు రాయించాడు. అత్తవారింట్లో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. కిందటి వసంతంలో పుట్టింటి ఊరి మంత్రసాని ఇటు వచ్చి, టీ తాగుతూ నోరు జారింది.

"అగ్గిగుర్రం ఏట పుట్టినా చల్లగా కాపురం చేసుకుంటున్నావే తల్లీ!"

పట్టుపురుగులకు ఆకు వేస్తున్న షిగే చేతిలో జల్లెడ కింద పడింది.

ఆ పూట అన్నం దగ్గర యసుకిచి నవ్వేశాడు. "నా ఎడమ చెవి ఎలాగూ పనిచెయ్యదు కదమ్మా. గుర్రాన్ని అటుపక్క నిలబెట్టి సకిలించమను. నాకు వినపడదు."

షిగే నవ్వలేదు. మర్నాటి నుంచి కొడుక్కి తనే వండింది. వాడి పక్క తన గదిలో వేసింది. తమియో చేత్తో టీ ఇస్తే పెరట్లో పారబోసింది. తమియో ఎదురుపడితే దోషం పోవాలని కొడుకు మీద ఉప్పు చల్లేది.

శరత్కాలంలో ఎర్రకాగితం వచ్చింది. నలభైకి దగ్గరపడ్డ చెవిటివాడికి! ఊరంతా ముక్కున వేలేసుకుంది. "సంగతి బయటపడగానే గుర్రం తన్నింది చూశారా" అంది తోకు. రైలెక్కించేటప్పుడు షిగే కంట నీటిచుక్క లేదు.

"వెళ్ళు నాయనా. ఈ గుర్రానికి ఎంత దూరం పోతే అంత మంచిది" అంది చేతిలో జెండా ఊపుతూ.

ఇప్పుడు ఆ కొడుకు తిరిగొచ్చాడు. ఒళ్ళో పట్టేంత అయ్యాడు.

గుమస్తా వెళ్ళిపోగానే షిగే మాట తేల్చేసింది. "నలభై తొమ్మిదో రోజు కర్మ కాగానే నీ దారి నువ్వు చూసుకో. పిల్ల ఈ ఇంటిది. ఇక్కడే ఉంటుంది."

తమియో నేల మీద పడింది. "పట్టుపురుగుల కొట్టంలో పడుంటాను అత్తయ్యా. మీ కంటికి కనపడను. హత్సును మాత్రం నా దగ్గర్నుంచి తీసుకోకండి."

"తండ్రి అయిపోయాడు. ఇక దాని వంతా?"

పట్టుమని ఆరేళ్ళు లేని హత్సు తలుపు పక్కనే నిలబడి వింటోంది. ఆ సాయంత్రం తల్లి జడ వెయ్యబోతే గోడకు నక్కింది.

"అమ్మా, నాన్నను నువ్వు తినేశావా?"

"ఎవరు చెప్పారే?"

"నానమ్మ. నన్ను కూడా తింటావట కదా."

తమియో దువ్వెన కింద పెట్టేసింది. ఆ తర్వాత ఆమె అత్తను బతిమాలలేదు. పిల్లకు దగ్గరగా పడుకోలేదు. నిద్రలో హత్సు దగ్గితే చాలు, చాప మరో మూలకు జరుపుకునేది.

కర్మ అయిన మర్నాడు అత్త ముందు తల వంచింది.

"మీ అబ్బాయిని మీకు దక్కనివ్వలేదు. క్షమించండి."

షిగే ముఖం తిప్పుకుంది. హత్సు నానమ్మ వెనకే దాక్కుంది.

మల్బరీ తోటల మధ్య దారిలో గుమస్తా కురబయాషి సైకిలు నడిపించుకుంటూ ఆమెను కలిశాడు.

"పిల్లను వదిలేసి వెళ్తున్నావా అమ్మా?"

"నా నీడ పడకపోతే అదైనా బతుకుతుందండీ. ఆయన్ని నేనే చంపాను."

"అవేం మాటలు!"

"నేను పుట్టిన ఏడు బయటపడింది, ఆ ఏడే ఎర్రకాగితం వచ్చింది. ఇంకేం రుజువు కావాలి?"

గుమస్తా ఆగిపోయాడు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు, మళ్ళీ తుడిచాడు.

"అది అబద్ధమమ్మా. చెవి వినపడదని యసుకిచి పేరు ఇన్నేళ్ళూ పక్కన పెట్టింది నేను. అలాగే ఉంచాల్సింది. వినకుండా ఉండాల్సింది."

"ఎవరి మాట?"

ఆయన దారి వైపు చూశాడు, తోట వైపు చూశాడు, ఆమె వైపు మాత్రం చూడలేదు.

"నీకు దూరంగా ఉంటే బతుకుతాడని, చెవి బాగుందని రాయించింది మీ అత్తగారే."