కిలో నీళ్ళు

"మళ్ళీ ఎక్కు," అంది హరిణి, బరువు చూసే మిషన్ వైపు చూపిస్తూ.

"పొద్దున్నేగా ఎక్కాను!" విసుక్కుంటూనే సునీత ఎక్కింది. ముల్లు నలభై ఏడు దగ్గర ఆగింది.

"పొద్దున నలభై ఎనిమిది. సెమీఫైనల్ ఆడేసరికి కిలో తగ్గావు. ఒక్క పూటలో కండ కరగదే. పోయింది నీళ్ళే."

"అబ్బో, డాక్టరమ్మ!" నవ్వబోయి సునీత గోడ పట్టుకుంది. కళ్ళు తిరిగాయి.

సాయంత్రం బందరు మైదానంలో కబడ్డీ ఫైనల్. పాలకాయతిప్ప వైపు నుంచి వచ్చిన సునీత వాళ్ళ చిన్న బడి జట్టు ఇంతదాకా రావడం ఇదే మొదటిసారి. వచ్చింది ఎనిమిది మంది, బరిలోకి దిగేది ఏడుగురు. సెమీఫైనల్లో సునీత తూలడం చూసి సుందరరాజు మాస్టారు గట్టిగానే చెప్పారు. "మళ్ళీ ఇలా అయితే కూర్చోబెట్టేస్తాను. ఎనిమిదో నంబరును దించుతాను."

"సార్‌కి చెప్తావా?" సునీత హరిణి చెయ్యి పట్టుకుంది. "మా అమ్మ చేపల బేరం మానుకుని వచ్చిందే, నా ఆట చూడ్డానికి."

హరిణి వాళ్ళ నాన్న కూడా సెలవు పెట్టుకుని గుడివాడ నుంచి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు.

"ఒంటేలు ఏ రంగులో వచ్చింది?" అంది హరిణి.

"ఛీ! అదేం ప్రశ్నే?"

"చెప్పు."

"పొద్దున్నుంచి వెళ్తేగా! ఇక్కడ బాత్రూముకు తాళం. అందుకే నీళ్ళు ముట్టలేదు. మా అమ్మా అంతే, బజార్లో కూర్చుంటే చీకటి పడేదాకా చుక్క తాగదు."

హరిణి నలుగురిలో నోరు విప్పని పిల్ల. ఎండ మండుతున్నా కప్పుకున్న చున్నీని ఇంకాస్త బిగించుకుని, రోడ్డు దాటి ఎదురింటి గేటు కొట్టింది. తలుపు తీసిన పెద్దావిడను తల దించుకునే ఏదో అడిగి వచ్చింది.

"వాళ్ళ బాత్రూం వాడుకోమన్నారు. ఇక తాగు." ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళ సీసా చేతిలో పెట్టింది. "గటగటా కాదు, కొంచెం కొంచెంగా. ఆటకు ముందు ఇంకా కళ్ళు తిరిగితే మాత్రం సార్‌కి నేనే చెప్తాను."

మొదటిసారి ఎదురింటికి వెళ్ళొచ్చి, "టీ డికాషన్‌లా ఉందే," అని సునీత మొహం ముడుచుకుంది. రెండోసారి గంతులేస్తూ వచ్చింది.

"నిమ్మనీళ్ళ రంగు! తల కూడా తేలికైంది."

హరిణి మళ్ళీ మిషన్ ఎక్కించింది. ముల్లు నలభై ఎనిమిదికి దగ్గర్లో ఆగింది.

"వెళ్ళు," అంది.

ఆఖరి కూతకు వెళ్ళిన సునీత ముగ్గుర్ని తాకి గీత అందుకుంది. మైదానం హోరెత్తింది. సునీత వాళ్ళ అమ్మ పోలమ్మ పరుగున వచ్చి కూతుర్ని ఎత్తుకుని, "నా పిల్లండీ! నా పిల్ల!" అంటూ ఎదురొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పింది. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది హరిణే. మెట్ల మీద వాళ్ళ నాన్న కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"ఫోటో! జట్టంతా రండి!" మాస్టారు కేకేశారు. "హరిణీ, నువ్వూ. ఆ చున్నీ తీసెయ్యమ్మా."

వీపు మీద ఎనిమిదో నంబరు మెరిసింది.